ముక్కు పెట్టకూడని మొక్క

లిస్బన్‌లో సెయింట్ ఆంటోనీ పండగ ఇంకా పది రోజులుంది. దెవొలిండా వంటింటి కిటికీలో, గాజుమూత కింద మొలిచిన మంజెరికో అనే తులసిజాతి మొక్కల నారు మొత్తం మట్టికి వాలిపోయింది. ఆడపడుచు జుల్మీరా మూత తీసి చూసింది.

“ఎన్ని నీళ్లు పోశావు వదినా? ఇది రుద్రజడా, వరిమడా?”

“పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. మధ్యలో దిగులేసినప్పుడల్లా.”

“ఇంకేముంది, కాడలు మొదట్లోనే కుళ్లాయి. గింజలింకా ఉన్నాయా?”

“లేవు. మీ అన్నయ్య పోయేముందు పండక్కి తెచ్చిన కుండీలోంచి తీసినవి. ఇవే ఆఖరు.”

జుల్మీరా గాజుమూత మళ్లీ పెట్టేసింది.

“పండక్కి ఈ కుండీల్లో కాగితప్పూలు గుచ్చి వీధి నిండా అమ్ముతారుగా. ఒక కుండీ నేను తెచ్చిస్తాలే.”

“మంజెరికో మనసిచ్చినవాడు తెచ్చివ్వాలి. ఆడపడుచు తెస్తే అది కూరాకు.”

“నీ ముక్కుకి ఆ మట్టేంటి? ముక్కు పెట్టి వాసన చూశావా?”

దెవొలిండా గబుక్కున ముక్కు తుడుచుకుంది.

“ఒక్కసారే.”

“అలా చూస్తే మొక్క చచ్చిపోతుందని చంటిపిల్లలకీ తెలుసే! ఆకుల మీద అరచెయ్యి నిమిరి, ఆ చేతిని వాసన చూడాలి.”

“నాకు తెలీదా? ముప్ఫై తొమ్మిదేళ్లూ నేను చూసింది ఆయన చేతినే. నిమిరొచ్చి నా ముక్కు దగ్గర పెట్టేవాడు.”

“నీకూ ఉందిగా వదినా, చెయ్యి.”

“ముందు దాంతోనే చూశాను. ఉల్లిపాయ వాసనొచ్చింది.”