పెద్దోడి బదులు

హలో… ఆ, నేనే… నీ తమ్ముణ్ణి.

పెట్టెయ్యకు అన్నయ్యా! ఒక్క మాట… ఒక్క మాట విని అప్పుడు పెట్టేసెయ్.

ఇదా? పక్క షాపు దర్జీ ఫోను. నాది నువ్వు బ్లాక్ చేశావుగా.

…కాదు, షాపు సంగతి కాదు. ఆ పార్టీల గొడవా కాదు.

అమ్మ… అమ్మ పోయింది అన్నయ్యా.

…

పొద్దున్నే. ఆరున్నరకి.

…

హలో?… ఉన్నావా?

కూర్చో. ముందు ఎక్కడో అక్కడ కూర్చో. వదిన ఉందా పక్కన?… ఆ, మంచినీళ్ళు తాగు.

…

ఊపిరితిత్తులకి నెమ్ము పట్టింది. ఆదివారం ఆస్పత్రిలో చేర్చాం… అవును, ఇవాళ్టికి నాలుగో రోజు.

ఎందుకు చెప్పలేదంటే…

…

చెప్పొచ్చు. చెప్పడానికేం, ఈ దర్జీ మొదటి రోజు నుంచీ ఫోను చేతిలో పెడుతూనే ఉన్నాడు. నేనే తీసుకోలేదు. జ్వరం తగ్గుతుందిలే, మధ్యలో నేనెందుకు తగ్గాలి అనుకున్నాను. అది తగ్గలేదు. నేనూ తగ్గలేదు.

…

తిట్టు.

…

ఇంకా తిట్టు, పడతాను. ఈ నాలుగేళ్ళలో నీ గొంతు వినడం ఇదే కదా.

…

అడక్కపోవడమేంటి! ఏడాదిగా మతిమరుపు బాగా ముదిరింది. నా భార్యని పట్టుకుని ‘ఎవరమ్మా నువ్వు, గొడుగు బాగుచేయించుకోవాలా’ అనేది. కానీ నిన్ను మాత్రం మర్చిపోలేదు. ఆస్పత్రి మంచం మీద కూడా దుప్పటి అంచు పట్టుకుని, గొడుగు గుడ్డని ఊచకి కుడుతున్నట్టు వేళ్ళు ఆడిస్తూనే ఉంది. మూడు కుట్లు, ఒక ముడి. మూడు కుట్లు, ఒక ముడి… ముప్ఫై ఏళ్ళు షాపులో మన వెనక కూర్చుని కుట్టిన చెయ్యి కదా, ఊరికే ఉండలేకపోయింది.

…

అదే చెప్తున్నా. అందుకే చేశాను ఫోను.

నిన్న మధ్యాహ్నం వాన పడింది ఇక్కడ. తొలి వాన. ఆస్పత్రికి వెళ్తూ నిలువునా తడిసిపోయాను. నర్సు కూడా నవ్వింది, గొడుగులాయనకి గొడుగు లేదా అని. మంచం దగ్గరికి వెళ్ళానో లేదో, అమ్మ కళ్ళు తెరిచి ‘పెద్దోడా, వచ్చావా’ అంది.

…

అవును, నన్నే.

కాదమ్మా, చిన్నోణ్ణి… అనబోయాను. కానీ ఆ మొహం చూశాక నోరు పెగల్లేదు అన్నయ్యా. ఎన్నాళ్ళయిందో ఆ మొహంలో ఆ వెలుగు చూసి.

వచ్చానమ్మా, అన్నాను.

…

మోసమే. కాదనను.

…

దొంగతనమే అనుకో. నీ కోసం దాచుకున్న మాటలన్నీ కూర్చుని నేను వినేశాను. అవి నీవి. నీకు అప్పజెప్పకపోతే నాకు ఊపిరాడదు. వింటావా?

…

ముందు వాన గురించే అడిగింది. ‘తొలి వాన పడిందిరా, బల్ల బయట వేశారా’ అని. తాతయ్య పెట్టిన ఆనవాయితీ కదా… ఆ రోజు ఎవరి గొడుగైనా సరే ఉచితంగా బాగుచెయ్యడం. ఆ బల్లని మనం రంపంతో రెండు ముక్కలు చేసి, షాపు మధ్యలో చెక్క గోడ లేపామని, ఆ తర్వాత నువ్వు ఊరే వదిలి వెళ్ళిపోయావని ఎలా చెప్పను? వేశామమ్మా అన్నాను. ఇద్దరం చెరో పక్కనా కూర్చున్నాం, వీధి చివరిదాకా జనం ఉన్నారు అన్నాను. బాగా అబద్ధమాడాను అన్నయ్యా. అబద్ధమాడితే అతికినట్టుండాలని నువ్వే అనేవాడివి.

…

తర్వాత నిన్ను కోప్పడింది. ‘ఓట్ల లెక్కింపు రోజున నువ్వు తమ్ముడి మీద చెయ్యి చేసుకోవడం తప్పు’ అంది.

ఆగు, అయిపోలేదు. ‘నువ్వు ఆర్డరు తీసుకుని చేసిన పార్టీ గొడుగులన్నీ వాడు రోడ్డు మీద వేసి తొక్కడం అంతకన్నా తప్పు. నాయకుడి చెప్పులు మోసేవాడివని అన్నని అంటాడా ఎవడైనా’ అంది… అన్నీ గుర్తే అన్నయ్యా. నా భార్య గుర్తులేదు గానీ ఇవన్నీ గుర్తే.

…

‘చిన్నోడి మనసు వెన్న అని నేను అబద్ధం చెప్పను’ అంది.

…

నవ్వకు… సరే నవ్వు. నాకూ నవ్వొచ్చింది అప్పుడు. ‘వాడు మొండి ముండాకొడుకు. కానీ వాడికి నువ్వు తప్ప ఇంకెవరున్నారురా. పెద్దోడివి, నువ్వే తగ్గు’ అంది.

తగ్గుతానమ్మా, అన్నాను. నీ పేరు చెప్పి అన్నానో, నా మాటగా అన్నానో నాకే తెలీదు.

…

ఆ… చూశాను పేపర్లో. నీ నాయకుడూ నా నాయకుడూ పొత్తు కలిపేసుకుని, ఒకే గొడుగు కింద నిలబడి పళ్ళికిలిస్తూ ఫొటో. అమ్మకి చూపించాను కూడా. ‘ఎవర్రా వీళ్ళు, మనకి చుట్టాలా’ అంది.

…

అవును. మనం వాళ్ళ కోసమే కొట్టుకున్నాం.

…

నేను నువ్వు కాదని తెలిసిందేమో. చెప్పలేను. మధ్యలో ఒకసారి నా చెయ్యి తీసుకుని బొటనవేలు తడిమింది. చిన్నప్పుడు ఊచ గుచ్చుకున్న నీ మచ్చ కోసం. నేను పిడికిలి బిగించేశాను. అమ్మ ఆ పిడికిలి మీదే చెయ్యి వేసుకుని పడుకుంది. తెల్లారేదాకా తియ్యలేదు.

…

లేదు, బాధ పడలేదు. నిద్రలోనే.

…

ఇంట్లోనే ఉంచాం. నువ్వొచ్చేదాకా ఏదీ మొదలుపెట్టం. నేను చెప్పేశాను అందరికీ… రెండింటి బస్సుందా? దానికి రా. వదిననీ తీసుకురా. బస్టాండు దగ్గర నేనుంటాను.

…

నాతోనా?

…

నాతో ఏం చెప్తుంది అన్నయ్యా. నేను లేనుగా అక్కడ.

…

ఒక్కసారి అడిగింది. ‘చిన్నోడేడీ’ అని. షాపులో ఉన్నాడమ్మా అన్నాను. నేనే అమ్మా అని ఆ ఒక్కసారైనా చెప్పుండాల్సింది… చెప్పలేదు. ‘అన్నం తిన్నాడా’ అంది. తిన్నాడమ్మా, అన్నాను. ‘ఊఁ’ అని కళ్ళు మూసుకుంది. అంతే. మళ్ళీ మాట్లాడలేదు.

…

ఏంటి?… సరిగా వినపడలేదు.

…

నేనా?

…లేదన్నయ్యా. నిన్న పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.

…

ఊఁ.

ఊఁ… తింటానులే. నువ్వేడవకు. బస్సు వెళ్ళిపోతుంది, బయల్దేరు.

పెట్టేస్తున్నా.