మడకు కట్టిన గట్టు

రెండు వేల ఇరవై అయిదు నవంబరు మూడు, సోమవారం. పొద్దున్నే ఒక జల్లు పడి ఆగింది, ఇక చూడు, బ్రాడీపేట అంతా ఉడికిపోతోంది. ఆటోవాడు ఆసుపత్రికి రెండు వీధుల అవతలే దింపేసి పోయాడు. అయినా వచ్చానా, లేదా? అన్నని కదా మరి!

ఆ మాస్కు తీయకు రాఘవులూ. ఊపిరి అందదని డాక్టరమ్మ చెప్పింది కదా. నువ్వు మాట్లాడక్కర్లేదు. పుట్టిన దగ్గర్నుంచీ నువ్వే మాట్లాడావు, ఇవాళ నా వంతు.

నీ కొడుకు చైతన్య బయట కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. నిజాంపట్నం దగ్గర అమ్మ మనిద్దరికీ ఇచ్చిన మడ అడవిలో నా వాటా వాడికి రాసివ్వాలట. రొయ్యల చెరువులు తవ్వుతాడట. నీ కళ్ళు కూడా అదే అడుగుతున్నాయి. చెప్తా, తొందరేం?

నేను బీఎస్సీలో ఉండగా బోటనీ మాస్టారు మమ్మల్ని ఆ మడకే తీసుకెళ్ళారు. పాపం, ఆయనకి పంచె ఎగ్గట్టడం రాదు, బురదలో చెప్పులు పోగొట్టుకుని... సరే, అది కాదు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు చూపించి, "ఇవి ఈ చెట్ల ముక్కులర్రా" అన్నారు. పోటుకి మునుగుతాయి, ఆటుకి తేలి గాలి పీల్చుకుంటాయి.

నీకు చదువబ్బలేదు గానీ బుర్రకేం తక్కువ? మడ నరికితే కేసని తెలిసి గొడ్డలి ముట్టుకోలేదు. నీ వాటా చుట్టూ గట్టు పోయించావు. పోటునీళ్ళు రానిచ్చి తూము మూసేశావు. ముక్కులన్నీ నీళ్ళకిందే ఉండిపోయాయి. ఏడాది తిరక్కుండా చెట్లు నిలువునా చచ్చాయి. "చచ్చినవి తీస్తే నేరమా అండీ?" అని అడిగి ఆఫీసరుకి టీ కూడా పోయించావు. మిరప చేలో రెండు రోజులు నీళ్ళు నిలిస్తే గుండెలు బాదుకునే ఇంట్లో పుట్టినవాడివి. ఎంత తెలిసి చేశావురా!

ఏం? ఆయాసంగా ఉందా? నర్సుని పిలుస్తాలే. ముందు ఇది విను.

నువ్వక్కడ రొయ్యల చెరువు తవ్వాక వచ్చిన తుపానుకి సముద్రం లేచొచ్చింది. నా వైపు చెట్లు ఆ అలని వేళ్ళ మధ్యే నలిపి నడుం విరిచేశాయి. వెనక గుడిసెల్లోకి మోకాటి లోతు నీళ్ళొచ్చి పోయాయి, అంతే. నీ వైపు ఆపడానికేముంది? చెరువు పోయింది, గట్టు పోయింది, కాపలా ఉన్న ఫిలిప్ పోయాడు. వచ్చేస్తానని వాడు ఫోన్ చేస్తే, "మోటార్లు నీ బాబు చూస్తాడా?" అన్నావట. వాడి భార్య అఖిల అప్పుడే అన్నం ఇచ్చి ఇంటికి బయల్దేరబోతూ పక్కనే ఉంది. విన్నది. తల ఊపకు, అబద్ధం ఆడటానికి నోరు కావాలి.

శుక్రవారం రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళొచ్చాను. నా మడ అఖిలకి రాసేశాను. ఆ పిల్ల ఎటూ అందులో పీతలు పట్టుకునే బతుకుతోంది. నా గుంటూరు ఇల్లు మన చెల్లెలు మాణిక్యమ్మకి. చైతన్యకి నువ్వు మిగిల్చిన ఉప్పుగుంట ఉందిగా, అదే.

నీకా? నీకేం లేదు.

ఈ సంగతి నీ కొడుక్కి నేను చెప్పను. లోపలికి పంపిస్తాను, నువ్వే చెప్పుకో.