అటకెక్కించిన చప్పుడు

గౌరవమట, గౌరవం! నిన్ను తీసుకెళ్లి అటక మీద పెట్టి, దానికి గౌరవమని పేరు పెట్టారు. వింటున్నావా అదీబ్? వింటావులే, ఇప్పుడెక్కడికి పోతావు?

ఉండు, ముందీ పచ్చకొమ్మలు నీ తల దగ్గర గుచ్చనీ. పండగ పొద్దున కదా, ఊరంతా సమాధుల దగ్గరే ఉంది. మీ చెల్లెలు నవాల్ కూడా దారిలో ఉంది. ఆవిడొస్తే నన్ను నోరెత్తనివ్వదు, ఈలోపే చెప్పేయాలి.

అదే, మన కమిటీ సంగతి. కంప్యూటర్లన్నీ ఒకేలా మోగాలని ఇరవయ్యేళ్ల కింద నువ్వు మొదలెట్టావు చూడు, ఆ జాబితా. ఉత్తరమొస్తే ఈ పేరు, బ్యాటరీ అయిపోతే ఈ పేరు, చెత్తబుట్ట ఖాళీ చేస్తే ఈ పేరు. డెస్క్‌టాప్ ఎవరు తయారుచేసినా ఆ పేరుతోనే చప్పుడు వెతుక్కోవాలి. ఏదైనా పేరుకి చప్పుడు దొరక్కపోతే, జాబితా అడుగున ఉన్నది మోగాలి. ఆ అడుగునున్నది నీది.

అసలదీ ఒక చప్పుడేనా? నువ్వు మైకు సరిచూసుకుంటున్నావు. మీనా రేవు వైపెళ్లి చేప తిందామా అని నేనడిగాను. నువ్వు కనుబొమలెగరేసి, నాలుకతో "త్చ్" అన్నావు, వద్దని. అది కాస్తా రికార్డయిపోయింది. పొట్టిగా, పొడిగా బాగుందని అదే పెట్టేశావు. మన కమిటీలో ఉన్న ఆ వౌటర్ హాలండ్ నుంచి ఏం రాశాడో గుర్తుందా? ఇది ఏ చెక్కపెట్టె మూత చప్పుడండీ, ఎంత ముచ్చటగా ఉందో, అన్నాడు. రెండు రోజులు నవ్వుకున్నాం. మన ట్రిపోలీలో పసిపిల్లలకైనా తెలిసిన "వద్దు" వాళ్లకి చెక్కపెట్టె అయింది. మనమూ చెప్పలేదనుకో.

నాకైతే ఆ చప్పుడంటే ఒళ్లు మంట. ముప్పై ఏళ్లు పడ్డాను. పరదాలు మారుద్దామా? త్చ్. డాక్టరుకి చూపించుకుంటావా? త్చ్. నోరు తెరిచి వద్దంటే ముత్యాలు రాలిపోతాయా?

సరే, నువ్వు పోయాక కమిటీ కూర్చుంది. ఇప్పుడు వౌటరే పెద్ద. పాతవన్నీ తీసేసి కొత్తగా నలభై చప్పుళ్లు చేయించారు, గాజుగిన్నెలట, నీటిచుక్కలట. ప్రతి పేరుకీ ఒకటి దొరికితే ఇక అడుగుదాకా వెళ్లే పనేముంది? "అదీబ్ గారిది మాత్రం తీసెయ్యం సామియా గారూ, గౌరవంగా అక్కడే ఉంచుతాం" అన్నాడు. అక్కడే అంటే, ఎవరికీ ఎప్పటికీ వినపడని చోట. నేను బుద్ధిగా తలూపాను. ఆ నలభై ఎక్కించే పని కూడా నేనే చేస్తానన్నాను. పాపం, ఎంత మంచిదో అనుకున్నారు.

ఎక్కించలేదు.

అంటే, రెండో మూడో ఎక్కించాను, పని జరుగుతున్నట్టు కనపడ్డానికి. మిగతా పేర్లన్నీ ఖాళీగా వదిలేశాను. ఇంకేముంది, ఇప్పుడెక్కడ చూసినా ఉత్తరమొస్తే త్చ్, పెన్‌డ్రైవ్ పెడితే త్చ్.

నవ్వకు, ఇది విను. మన వీధికి జనరేటర్ కరెంటు అమ్మే అబూ ఖొదర్ దగ్గరికెళ్లాను, కరెంటు కనెక్షన్ మీద నీ పేరు తీయించి నా పేరు రాయిద్దామని. అతని కంప్యూటర్లో ఉన్నదీ మన సరుకే. మీట నొక్కాడు. పేరు తీసేయమంటారా అని తెర మీద ప్రశ్న, వెనకే త్చ్. తలెత్తి నా మొహంలోకి చూశాడు. నేనేమీ అనలేదయ్యా అన్నాను. మళ్లీ నొక్కాడు, మళ్లీ త్చ్. మూడోసారికి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మీకు మనసొప్పట్లేదు సిత్ సామియా, ఉండనివ్వండి" అని కాఫీ తెప్పించాడు. మనింటికి కరెంటు ఇంకా నీ పేరు మీదే వస్తోంది.

కానీ వౌటర్ కనిపెట్టేశాడు. చప్పుళ్లన్నీ ఏమయ్యాయి, మర్చిపోయారా అని రాశాడు. రేపటిలోగా నేను ఎక్కించకపోతే వాళ్లే ఎక్కిస్తారట. అంతే, రేపట్నుంచి నువ్వు అటక మీదే.

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఒకటుంది. బీరూట్ ఆస్పత్రిలో ఆ చివరి రోజు, నీళ్లు తాగుతావా అని అడిగాను. నువ్వేమీ అనలేదు. దిండు సర్దనా అన్నాను. కిటికీ తీయనా అన్నాను. నువ్వు వద్దనే సంగతులన్నీ ఏరి ఏరి అడిగాను, పరదాలు కూడా అడిగాను. నర్సు వచ్చి చెయ్యి పట్టుకు చూడకముందే నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు ఏ చప్పుడు విని తిట్టిపోశానో, దానికోసమే నీ పక్కన కూర్చుని బతిమాలుకున్నాను.

అదుగో, నవాల్ గేటు దాటింది.

ల్యాప్‌టాప్ తెచ్చానులే, సంచీలో ఉంది. వౌటర్‌కి ఉత్తరం రాసి ఉంచాను. మర్చిపోలేదు, కావాలనే చేశాను, క్షమించండి, ఇవాళే అన్నీ ఎక్కించేస్తాను అని. నువ్వు నేర్పిన నిజాయితీయే. పంపమంటావా? ఇదిగో, నొక్కుతున్నా. నిజంగా పంపాలా అని అడుగుతోంది.

త్చ్.

విన్నావుగా? నేను కాదు, నువ్వే అన్నావు. సరే, మూసేస్తున్నాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి నీ మాట వింటున్నాను అదీబ్.