దానమ్మ చేతిపట్టీ

శనివారం పొద్దున కోళ్లకు గింజలు వేయాలి, దానమ్మకు జడ అల్లాలి, ఆమె కుడిచేతి పట్టీ కడగాలి. కీళ్లవాతానికి వేళ్లు వంకరపోకుండా రాత్రిళ్లు కట్టుకొమ్మని నంద్యాల ఆసుపత్రిలో చేసిచ్చిన ప్లాస్టిక్ పట్టీ అది. ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో పనులన్నీ ఇప్పుడు ఆమె భర్త సామ్యేలువే. చివరి పని మాత్రం చెడగొట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చాడు.

“ఏందయ్యా దాపెడతాండావ్?”

“నీ పట్టీ మే. మురికి పోతాదని కాగే నీళ్లల్లో ఏసినా.”

“అయ్యో, అప్పడం మాదిరి ముడుచుకపాయె గదా!”

“నంద్యాలకు ఫోన్ చేసినా. సోమవారం కొత్తది చేస్తారంట.”

“అంతదాకా రెండు రాత్రులు నొప్పికి నిద్ర యాడొస్తాది నాకు?”

“నా అరచెయ్యి మీద నీ చెయ్యి చాపి, మెత్తని గుడ్డతో రెండూ కలిపి కడతా.”

“నిద్దట్లో నువ్వు గిర్రున పొర్లుతావ్ గదయ్యా! నా చెయ్యి ఊడొస్తాది.”

“పొర్లను మే. మేలుకోనే ఉంటా.”

“రేపు చర్చిలో కునుకు తీస్తే?”

“ఎందుకో పాస్టరుకు నువ్వే చెప్పు.”

దానమ్మ నవ్వి, చెయ్యి చాపింది.

“సరేలే. ఎట్లుంటాదో ఇప్పుడే కట్టి చూడు.”

మీ ప్రార్థనల్లో దానమ్మను జ్ఞాపకం చేసుకోండి. రెండు రాత్రులు పొర్లకుండా పడుకోవలసిన సామ్యేలును కూడా మరవకండి.