తెల్ల చుక్క

హలో… ఆ, నేనే, చెప్పు చెల్లెమ్మా… షెడ్డులోనే ఉన్నా… ఏంటా రొద, నీ మాట సరిగ్గా వినపడటం లేదు… తేనెటీగలా? ఇంకా దింపలేదా పెట్టెల్ని? ఈపాటికి తోటలో ఉండాలి కదా మీరు…

ఎక్కడ ఆగారు?… ఎత్తు మొదట్లోనే… ఫోర్ వీల్ పడటం లేదా…

లైటు నిలకడగా ఉందా, మిణుకుమిణుకుమంటోందా?… మిణుకుమంటోంది. సరే… కంగారుపడకు. ఇద్దరి తరఫునా నేను పడతాలే.

పెట్టెల వాకిళ్ళు ఎప్పుడు మూశారు?… తెల్లారకముందు. అంటే నాలుగు గంటలైపోయింది… ఎండొచ్చేసిందా… బావ ఏం చేస్తున్నారు?… తడి గోనెలు కప్పుతున్నారా. కప్పమను. గాలాడే సందులు మాత్రం వదలమను.

వద్దు వద్దు, అక్కడ వాకిళ్ళు తియ్యొద్దు. పక్కనే బడి ఉందిగా… నలభై పెట్టెల ఈగలు ఒక్కసారి బయటికొస్తే ఆ పిల్లలేమవుతారు… ఆ, అదే. చీకటి పడేదాకా మళ్ళీ లోపలికి కూడా రావు.

లాగడానికి ట్రాక్టరు?… వెళ్ళిపోయిందా. సరే, దాన్ని మర్చిపో.

చూడు, నెల కిందటే కదా ఆ ఫోర్ వీల్ మాడ్యూల్ నేను మార్చింది. నువ్వు మీట తిప్పగానే ముందు చక్రాల్ని కదిలించేది అదే. కొత్త సామాను నెల తిరక్కుండా పాడవుతుందా ఎక్కడైనా… నేను తిట్టడం లేదు. నువ్వు తోలే తీరే అంత అంటున్నా. బురద కనిపిస్తే చాలు, కాలు అదిమేస్తావు… అవును, బావకీ చెప్పా. బండి దాని చేతికివ్వకండి అని నేనే చెప్పా. దాచేదేముంది…

హలో… ఉన్నావా… ఏడుస్తున్నావా?

సరే, సరే. ఇప్పుడవన్నీ ఎందుకు. మీట తిప్పావా మళ్ళీ?… బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి?… కింద టక్కుమని చప్పుడు రావాలి. వచ్చిందా… రాలేదు.

ఫ్యూజు చూశావా… బాగానే ఉంది… ఎప్పుడు చూశావు?… నాకు ఫోన్ చెయ్యకముందే. ఊఁ. అది నేర్పింది నేనేగా.

నిన్ను కాదమ్మా, ఇక్కడ ఒక పెద్దాయన. అయ్యా, మీ బ్రేకులు సాయంత్రానికి. ఇక్కడ ప్రాణం మీదకొచ్చింది, కాస్త కూర్చోండి… ఆ, చెప్పు.

రొద ఎలా ఉంది?… ఎక్కువవుతోందా. ఎక్కువైతే ఫరవాలేదు, లోపల రెక్కలాడించి చల్లబరచుకుంటున్నాయన్నమాట. తగ్గితే చెప్పు. తగ్గితేనే భయం… తెలుసా నీకు. తెలుస్తుందిలే, పెంచేదానివి నువ్వు.

ఇప్పుడు బానెట్ ఎత్తు. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదియ్యి. పదో నంబరు స్పానర్ ఉంటుంది… పక్కకి వంచి పెట్టు, మళ్ళీ తగలకూడదు… అయ్యిందా? పక్క సీటు వాళ్ళు కాళ్ళు పెట్టుకునే చోట, మూలకి ఒక ప్లాస్టిక్ మూత ఉంటుంది. వేళ్ళు దూర్చి నీ వైపుకి లాగు… విరిగితే విరిగింది, లాగు.

ఊడిందా. లోపలేముంది… అరచేతంత నల్ల డబ్బా. అదే. రెండు సాకెట్లు గుచ్చి ఉంటాయి. ఏదో ఒకటి వదులై ఉంటుంది, కదిపి చూడు… గట్టిగానే ఉన్నాయా… రెండూ?

తడి ఏమైనా?… పొడిగానే. మరి…

ఏం చుక్క?

…తెల్లదా?

మట్టి మరకేమో. గోరుతో గీకి చూడు… పోవడం లేదా…

…

వింటున్నా… లైను బాగానే ఉంది.

చెల్లెమ్మా. ఆ రోజు నీకో అట్టపెట్టె ఇచ్చాను, గుర్తుందా? ఇదిగో మీ పాత మాడ్యూల్, నిజంగానే మార్చాను, చూసుకోండి అని… ఎవరికైనా అలాగే ఇస్తాగా, కొత్తదాని పెట్టెలో పాతది పెట్టి. అదెక్కడుంది ఇప్పుడు?… ఆలోచించు… బావ పారెయ్యమన్నారా… పారేశావా?… మరి?… సీటు కిందా? ఈగలకి పొగపెట్టే డబ్బా గుడ్డల్లో… బతికించావు తల్లీ. నువ్వేదీ పారెయ్యవని ఎన్నిసార్లు వెక్కిరించానో.

తియ్యి. తీసి చూడు. దాని మీద చుక్క ఉందా… వెనక్కి తిప్పు. పక్కల కూడా… లేదు. ఉండదు.

ఆ చుక్క నేనే పెడతా. పాత సామాను మీద తెల్ల పెయింటుతో, కొత్తదాంతో కలిసిపోకుండా… అవును. నీ బండిలో ఉన్నది పాతది. నెల నుంచీ పాడైన దాంతోనే తిరుగుతున్నావు. కొత్తది నీ సీటు కింద పడుకునుంది.

ఎలాగంటే… నా చాదస్తం. కొత్తది పెట్టా, లాప్‌టాప్ తగిలించి నీ బండికి కలిపా, బ్రహ్మాండంగా పనిచేసింది. అక్కడితో ఊరుకోవచ్చుగా. ఊరుకోను. పాతది మళ్ళీ పెట్టి చూస్తా, తప్పు దాందేనని తేలితే గానీ నాకు నిద్రపట్టదు. పెట్టా. అది ఆ కాసేపూ బుద్ధిగా పనిచేసింది. ఉండుండి పనిచెయ్యడమే దాని రోగం. ఈలోగా ఎవరో పిలిస్తే వెళ్ళొచ్చా. చూస్తే లైటు నిలకడగా ఉంది. కొత్తదే అనుకుని మూత బిగించేశా, బల్ల మీదున్నదాన్ని పాతదనుకుని నీకిచ్చేశా… చుక్క చూసుకోలేదు. చూసుకోడానికే పెట్టే చుక్క.

…నవ్వుతున్నావా? నవ్వు. ఏడ్చినదానికంటే నయం.

కానీ చేతులు ఆపకు. సాకెట్టుకి చిన్న నాలుక ఉంటుంది, అది నొక్కి లాగు. తీగలు పట్టుకుని లాగొద్దు… ఒకటొచ్చిందా… రెండోది మొండిది. గట్టిగా నొక్కు… ఆ. ఇప్పుడు రెండు బోల్టులు, అదే స్పానర్… కింద పడిందా? పోనియ్, ఒక్క బోల్టు మీద కూడా ఆగుతుంది. వెతుకుతూ కూర్చోకు.

రొద?… తగ్గిందా? అన్నిట్లోనా… ఆ చివరి వరసలో. బావని నీళ్ళు చల్లమను. తాగేవైనా సరే, చల్లెయ్యమను.

కొత్తది పెట్టావా. సాకెట్టు క్లిక్కుమనాలి… రెండోది… బిగించు. బ్యాటరీ తీగ పెట్టు. తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండా ఒక్క నిమిషం ఆగు. అది తన పాఠం తాను అప్పజెప్పుకోవాలి…

ఈ నిమిషం ఏంటి ఇంత పొడుగుంది.

సరే, స్టార్ట్ చెయ్యి. న్యూట్రల్. బ్రేకు మీద కాలు. మీట తిప్పు.

…

వినపడింది. నాకే వినపడింది. టక్కుమంది కదూ… లైటు?… నిలబడిందా. హమ్మయ్య… కదలకు, ఒక్క క్షణం. ఫోను బావకియ్యి.

ఎందుకేంటి, ఇవ్వమంటున్నా… వద్దంటే ఎలా. నా పరువు సంగతి నాకొదిలెయ్. నెల నుంచీ నా మూలంగా నువ్వు మాటలు పడుతున్నావు, నేను చల్లగా కూర్చున్నా. ఇవ్వు.

బావా… ఆ, పడింది, ఫోర్ వీల్ పడింది. ఒక్క మాట. తప్పు నాది. పాతదే బిగించి పంపించా… నేనే. చెల్లెలు తోలడం వల్ల కాదు. ఆ మాట మీకు చెప్పింది నేను, వెనక్కి తీసుకునేదీ నేనే… లేదు బావా, మీరు తోలొద్దు. ఎత్తు దానికి తెలుసు, మీరు పక్కన కూర్చోండి… నన్ను తర్వాత తిట్టుకోండి, తీరిగ్గా తిట్టించుకుంటా. ఫోను ఆపకండి, అలాగే పట్టుకోండి.

…

నేనేమీ చెప్పను. దాన్ని తోలనివ్వండి.

…

చక్రం జారిందా… ఊఁ… అదిమేసిందా? కాలు అదిమేసిందా మళ్ళీ… మంచి పని చేసింది. అక్కడ అదిమితేనే ఎక్కుతుంది. అది కూడా నాకు తెలియదు, చూశారా.

…

ఎక్కారా… తోటలోకొచ్చేశారా. వాకిళ్ళు తియ్యండి బావా, ముందు చివరి వరస. పరుగెత్తండి.

…

హలో… నువ్వా. ఏమైంది?… వస్తున్నాయా బయటికి… అన్నీ?… నెమ్మదిగా చెప్పు…

ఒకటి… ఏ పెట్టె?… చెవి పెట్టి విన్నావా. తట్టి చూడు… మళ్ళీ తట్టు…

మూత తీశావా.

…

ఊరుకో. ఊరుకో తల్లీ… ముప్ఫైతొమ్మిది నీ చేత్తో బతికించావు. ఆ ఒక్కటీ నా చేత్తో పోయింది. నీ లెక్కలో వేసుకోకు.

ఒక పని చెయ్యి. ఆ పెట్టె కడిగెయ్యకు. వచ్చేటప్పుడు అలాగే తీసుకొచ్చి నాకివ్వు… ఎందుకంటే, పాడైంది పెట్టెలో పెట్టి మరీ నీ చేతికిచ్చా కదా ఇన్నాళ్ళూ, నిజంగా పనిచేశానని. ఈసారి నువ్వు నాకియ్యి. బల్ల మీద కళ్ళెదురుగా పెట్టుకుంటా… లేదు, సరదాకి కాదు.

దాని మీద చుక్క నేనే పెట్టుకుంటా.

…ఆ, ఉంటా. నువ్వెళ్ళి వాటిని చూసుకో. పెద్దాయన బ్రేకులు అలాగే ఉన్నాయి, ఒకటికి రెండుసార్లు చూసి బిగించాలి… పెట్టేస్తున్నా.