మనుషులకి పలకని బెల్టు

గిన్నెలకి పలుకుతుంది నాయనా, మనుషులకి పలకదు. అదీ ఈ బెల్టు జబ్బు. అలా బల్ల మీద పడేసి వేలితో టకటకా కొడితే ఏం తెలుస్తుంది నీకు? కొడితే పలుకుతుందని నాకూ తెలుసు.

ముందు నా వైపు తిరుగు. ఆ, ఇప్పుడు చెప్పు. తల వంచుకుని మాట్లాడితే నీ మాటలు నువ్వు బాగుచేయడానికి విప్పి పెట్టుకున్న ఫోన్లకి చేరతాయి గానీ నాకు చేరవు. ఆ మీసం కూడా కాస్త కత్తిరించుకోరాదూ? సగం మాటలు దాని కిందే ఉండిపోతున్నాయి.

పెదాలు చూసి మాట పట్టుకోవడం మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ నూలు మిల్లు హోరులో పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడేది కాదు. అందుకని ఉత్త పెదాలు ఆడిస్తూనే మొగుళ్ళ మీద చాడీల దగ్గర్నుంచి అత్తగార్ల ఆరళ్ళ దాకా అన్నీ చెప్పేసుకునేవాళ్ళం. మిల్లు మూసేశారు, నా చెవులు మాత్రం తిరిగివ్వలేదు.

ఏంటీ, తీగ ఊడిందంటావా? నేను కుట్టినదాంట్లో తీగ ఊడటమా! విప్పి చూసుకో. ప్రతి మోటారుకీ విడిగా చిన్న సంచీ, రెండు వరసల కుట్టు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నీ దగ్గరకొచ్చాననుకోకు.

పాడైన ఫోన్లలోంచి తీసిన మోటార్లు, ఫోనుని గుర్రుమని వణికించేవి, డబ్బాడు నువ్వే కదా ఇచ్చావు. చొక్కా గుండీ పాటి లేదు ఒక్కోటీ. ఇవేం చేసుకుంటారు పిన్నిగారూ అని నవ్వావు కూడా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ శంఖం నేను ఊదించుకుంటానురా అన్నాను. గుర్తుందా?

ముందు మణికట్టుకి కట్టుకున్నాను. చెయ్యంతా తిమ్మిరెక్కిపోయింది. తీసి వీపుకి పెట్టాను. అబ్బ, ఒకటే చక్కిలిగింతలు. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుతుంటే మా కోడలు హడలిపోయింది పాపం. చివరికి ఇలా నడుం చుట్టూ, పక్కటెముకల దాకా కుదిరింది. మైకులో శబ్దం పడగానే మోటార్లు ఒంటికి కొట్టుకుంటాయి, బరువు శబ్దాలు నడుం దగ్గర, సన్న శబ్దాలు పైన. మైకు లోపల పెడితే గుడ్డ రాపిడికే గోలగోల చేస్తోందని భుజం మీదికి తెచ్చి పిన్నీసు పెట్టాను. నువ్వు బోర్డుకి టంకం పెట్టిచ్చావు, కాదనను. మిగతాదంతా నా సూదే.

పాటల కోసం అనుకున్నావు కదూ నువ్వు? అందరూ అలాగే అనుకున్నారు. నేనూ కాదనలేదు.

అసలు సంగతి వేరే. ఓ రోజు అన్నాలకి అందరూ చేరకముందే మంచినీళ్ళ జగ్గు పెడదామని వెళ్ళి, బల్ల మీద చెయ్యి ఆన్చాను. మా మనవరాలు వేళ్ళతో ఆ బల్ల మీద దరువేస్తోంది. ఆ దరువు బల్లలోంచి నా అరచేతిలోకి, అక్కణ్ణించి మోచేతి దాకా వచ్చింది. ఏ పాటో నాకేం తెలుసు? అయినా ఒళ్ళు జలదరించిందనుకో. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో ఒకళ్ళు నాతో మాట్లాడినట్టయింది.

మాటలు నాకక్కర్లేదు నాయనా. దరువు చాలు. కోపం మాట ఒకలా నడుస్తుంది, సరదా మాట ఇంకోలా నడుస్తుంది. నవ్వయితే ఉరికే వస్తుంది. మా ఇంట్లో ఏం నడుస్తోందో ఆ మాత్రం తెలిస్తే చాలనుకున్నాను.

మా ఇల్లంటే ఏమనుకున్నావ్? మావాడు నోరు తెరిచాడంటే వీధి చివరి దాకా వినపడేది. కోడలు నవ్వడం మొదలుపెడితే ఆపటం ఎవరి తరమూ కాదు. కూరలో ఉప్పు గురించి కూడా ఓ గంట వాదించుకునే మనుషులు. నాకు చెవులున్నంతకాలం, కాసేపు నోళ్ళు ముయ్యండర్రా అని మొత్తుకునేదాన్ని.

చెవులు పోయాక మొదట్లో అందరితోనే కూర్చునేదాన్ని. ఒకళ్ళ పెదాలైతే చదువుతాను, నలుగురివి ఎలా చదవను? వీడి వైపు తిరిగేసరికి మాట వాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. అందరూ నవ్వుతారు. ఏమన్నాడే అంటాను. ఏం లేదులే అత్తయ్యా అంటుంది కోడలు. దాని తప్పూ కాదు. ఒకసారి నవ్విన మాట మళ్ళీ చెప్పాలంటే ఎవరికైనా విసుగే.

అందుకని నేనే తప్పుకున్నాను. పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, గోడవైపు తిరిగి నా కంచం నేను తినేదాన్ని. వెనకాల వాళ్ళ కబుర్లు వాళ్ళవి. వాళ్ళ సంతోషానికి నేనెందుకు అడ్డం అనుకునేదాన్ని. లోపల మాత్రం కుమిలిపోయేదాన్ని. నిజం చెప్తున్నా, ముద్ద దిగేది కాదు.

సరే, బెల్టు కట్టుకుని అదే స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాను. కుళాయి తిప్పితే పలికింది. కుక్కరు కూత పెడితే పక్కటెముకలు ఝల్లుమన్నాయి. కుర్చీలు లాక్కున్నారు, పలికింది. అందరూ కూర్చున్నారు. అంతే. ఇంక ఉలుకూ పలుకూ లేదు.

మైకుకి బలం చాలలేదేమోనని నీ దగ్గరికొచ్చాను. ఏదో తిప్పి, ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా పట్టుకుంటుంది పిన్నీ అన్నావు. నువ్వన్నది అబద్ధం కాదు. వెళ్ళేటప్పుడు బస్సులో చూడాలి నా సంబరం. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారు, వెనక చంటిపిల్ల ఏడుస్తోంది, కండక్టరు ఎవరినో తిడుతున్నాడు. కళ్ళు మూసుకుని కూర్చుంటే అన్నీ నా నడుం చుట్టూ తిరుగుతున్నాయి. దిగాల్సిన చోట దిగలేదు నేను. దిగబుద్ధి కాలేదు.

ఇంటికెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది బెల్టు. మంచినీళ్ళు కావాలా ఎవరికైనా అని నేనే గట్టిగా అడిగాను. నా మాట పొల్లుపోకుండా నాకు అప్పజెప్పింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎందుకలా చూస్తావు? నువ్వు అడగబోయేది నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూశావా పిన్నీ అంటావు.

చూశాను. నిన్న చూశాను.

మావాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్లో ఏదో చూస్తున్నాడు. కోడలు ఎడంచేతి బొటనవేలితో తెరని పైకి తోస్తూ తింటోంది. మనవడూ అంతే. మనవరాలికీ చెవుల్లో వైర్లే, వేళ్ళు బల్ల మీద ఆడుతున్నాయి. ఆ దరువు దాని చెవుల్లోని పాటకి. నాకోసం కాదు, ఎవరి కోసమూ కాదు. మావాడు నీళ్ళకోసం చెయ్యి చాపాడు. కోడలు తలెత్తకుండానే గ్లాసు జరిపింది. కంచాలు ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నాను నాయనా. ఒక్కళ్ళ పెదవీ కదలలేదు.

ఇన్నేళ్ళూ నా వీపు వెనక పెద్ద సంబరం జరుగుతోందనుకున్నాను. నేనొక్కదాన్నే గుమ్మం బయట నిలబడిపోయానని ఏడ్చాను. తీరా చూస్తే లోపల ఎవరూ లేరు. ఆ ఏడుపే నయం. దానికో అర్థముండేది. ఇప్పుడు దేనికి ఏడవాలో కూడా తెలీటంలేదు.

వాళ్ళతో చెప్పమంటావా? ఏమని చెప్పను? మీరెందుకు మాట్లాడుకోరర్రా అని ఇంట్లో ఉన్న చెవిటిది అడగాలా? పోట్లాడుకుని మానేశారంటే మధ్యలో దూరి సర్దిచెప్తాను. వాళ్ళకి పోట్లాటలేం లేవు. బాగానే ఉన్నారు.

తిన్నాక మావాడు నా దగ్గరికొచ్చాడు. మంచివాడే, అమ్మంటే ప్రాణం. బెల్టు పనిచేస్తోందా అమ్మా అని ఫోన్లో రాసి చూపించాడు. బ్రహ్మాండంగా పనిచేస్తోందిరా, ఇందాక మీరు మాట్లాడుకున్నదంతా తెలిసింది అన్నాను. అప్పుడైనా వాడికి అనుమానం రావాలా? రాలేదు. నా భుజం తట్టి, సంతోషంగా తలాడించి, వైరు మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

అదిగో, నువ్వు తల దించేసుకుంటున్నావు. నా మీద జాలి పడకు, పనుండి వచ్చాను.

ఈ మైకు తీసెయ్యి. శబ్దంతో పనిలేకుండా, దానంతటదే కొట్టుకునేలా పెట్టగలవా? రోజంతా వద్దులే. మేం రాత్రి అన్నాలకి కూర్చునే వేళకి చాలు. ముందు నెమ్మదిగా ఉండాలి. మధ్యలో కాస్త గబగబా రావాలి, మావాడు వాదించేటప్పుడు అలాగే ఉండేది. ఎక్కడో ఒకచోట ఉరికి రావాలి, కోడలు నవ్వినట్టు. నేను మళ్ళీ గోడవైపు తిరిగే కూర్చుంటాను.

కుదురుతుందంటావా? అయితే పెట్టు నాయనా. ఎప్పుడెప్పుడు కొట్టుకునేలా పెట్టావో మాత్రం నాకు చెప్పకు.