సిద్దమ్మవ్వ గుంతలో కూచున్న పొద్దు

ఏం సదువుతాండావు మే శ్రావణీ? ఆ బొమ్మలేంది? కడుపులో పిండం కాన్నుంచి మూతిమీద మీసమొచ్చే పిల్లోని దాకా వరసగా ఏసినారే. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పరీచ్చకా? బాగుండాది. ఇదంతా మా సిద్దమ్మవ్వకు నోటికొచ్చు గదమ్మే. అచ్చరం ముక్క రాదు ఆయమ్మకు. పత్తికొండ చుట్టుపక్కల సగంమందికి బొడ్డు కోసిన చెయ్యి అది. కడుపుతో ఉండేదానికి అయిదో నెల దాటితే సాలు, ఆ ఇంట్లో గొంతెత్తి కొట్లాడనిచ్చేది కాదు, లోపలుండేది వింటాంటాది, మెల్లిగా మాట్లాడండ్రా అనేది. మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు నీ పుస్తకంలో కూడా అదే రాసినారా? సూడు మరి! నాకు పద్నాలుగేండ్లప్పుడు మా నాయనకు ఎదురు మాట్లాడితే ములుగర్ర ఎత్తినాడు. ఆయమ్మ అడ్డమొచ్చి, "ఒళ్ళు ముందొచ్చింది, బుద్ది ఎనకొస్తాండాది, రెండేండ్లు ఓర్చుకో పుల్లయ్యా" అనింది. మా నాయన అంతటోడు కర్ర కింద పారేసినాడు.

ఆయమ్మ మాట ఇంకోటి చెప్పల్ల నీకు. ఆ, మీయమ్మ సంగతి. మీయమ్మకు ముందు మీయవ్వకూ నాకూ ఇద్దరు పుట్టి పోయినారు. అందుకని శివలీల పుడతానే మాయమ్మ మొక్కుకునింది, శ్రీశైలంలో పుట్టెంటికలు ఇచ్చేదాకా బిడ్డ కాలు నేలకు తగలనియ్యనని. ఆ యేడు వాన లేదు, పోలేదు. మళ్ళేడూ అంతే. పండుకుంటే మంచం, లేస్తే సంక. ఒకరు దించితే ఇంకొకరు ఎత్తుకోవల్ల. రెండేండ్లు దాటినాయి, బిడ్డ నిలబడదు. ఊరంతా కుంటిదన్నారు, నేనూ నమ్మితి. సిద్దమ్మవ్వ ఉంటే అప్పుడే తిట్టేది గానీ, ఆయమ్మ ఆత్మకూరులో కూతురింట్లో ఉండె. మా దిక్కు ఒక ఆచారం లే, సూర్యగ్రహణం పట్టినప్పుడు నడక రాని బిడ్డను గొంతు దాకా మన్నులో పూడిస్తే కాళ్ళొస్తాయని. మన్ను తగిలి మొక్కు చెడగూడదని బిడ్డ కాళ్ళకు గుడ్డ సుట్టినాము. ఏం తెలివి మాది!

ఆ పొద్దు మద్యాన్నమే చీకటైతాండాది. ఊరంతా తలుపులేసుకున్యారు. దొడ్లో గుంత తవ్వింది నేనే. ఆ ముందురోజే ఊరికొచ్చిన సిద్దమ్మవ్వకు ఎవరు చెప్పినారో ఏమో, గ్రహణమని కూడా సూడకుండా పరిగెత్తుకుంటా వచ్చి, గుంతలో దిగి కూచునింది. డెబ్బై యేండ్ల ముసిల్ది మే! "ముందు నామీద ఎయ్యి గోపన్నా మన్ను" అనింది. అంతలో బిడ్డ కాళ్ళకుండే గుడ్డ సూసి, ఇదేందని మాయమ్మను అడిగింది. మాయమ్మ మొక్కు సంగతి చెప్పింది. "ఓసి నీ మొక్కు మన్నుగాను, కాలు మోపనియ్యకుండా నడక యాడనుంచి వస్తాదే?" అని తల కొట్టుకుని, ఆ గుడ్డ పీకేసి, తవ్వి పోసిన మెత్తటి మన్నులోనే బిడ్డను నిలబెట్టింది. ఏడ్సింది, కాళ్ళు ముడుచుకునింది. అయినా ఇడిస్తేనా? దినామూ వచ్చి సంకల కింద చేతులు పెట్టి నిలబెట్టేది. నెలకు గోడ పట్టుకునింది. ఉగాది పోయినాంక ఒకరోజు, నేను సేద్యం నుంచి వస్తాంటే, వాకిట్లో నాలుగడుగులేసి నామీద పడింది మే! నేను ఊరంతా తిరిగి చెప్పినా, పిచ్చోని మాదిరి.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గుంతకాడికి తీసకపోతాంటే, ఆడిపిచ్చేదానికి ఎత్తుకున్యానని మీయమ్మ నా మెడ గట్టిగా పట్టుకుని నవ్వింది. నవ్వుతాండే బిడ్డను తీసకపోతి నేను. సిద్దమ్మవ్వ రాకపోయుంటే పూడ్సేవాణ్ణే. మీయమ్మకు ఇప్పటికీ తెలీదు. నేను పోయేదాకా చెప్పొద్దు పాపా.

ఆ ఫ్యాను ఏసిపో, ఉడకపోస్తాండాది.